ఒంటికాలి జంప్‌లో కుడికీ ఎడమకీ 12 శాతం తేడా వచ్చింది, రైడర్‌ని పక్కన పెట్టాలా?

ఎంపీఎడ్_తిరుపతి:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎంపీఎడ్ (వ్యాయామ విద్యలో పీజీ) చేస్తున్నాను, సాయంత్రాలు ఒక డిగ్రీ కాలేజీ కబడ్డీ టీమ్‌కి ఫిట్‌నెస్ చూసుకుంటున్నాను. డిసర్టేషన్ కోసం వెతుకుతుంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేయర్ల మీద (మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే ఆట) జంప్ టెస్టులు, రెండు కాళ్ల మధ్య తేడాల గురించి చాలా మెటీరియల్ దొరికింది. వాళ్లకి ఫోర్స్ ప్లేట్లు (కాలు నేలని ఎంత బలంతో తోస్తోందో కొలిచే పలకలు) ఉంటాయి, మనకి లేవు. అందుకని ఫోన్‌లో వీడియో తీసి, కాలు నేల వదిలిన ఫ్రేమ్ నుంచి మళ్లీ నేల తాకిన ఫ్రేమ్ దాకా గాల్లో ఉన్న టైమ్ లెక్కగట్టి, దాన్నుంచి ఎత్తు తీశాను.

మా బెస్ట్ రైడర్‌కి కుడికాలి మీద 16 సెంటీమీటర్లు, ఎడమ మీద 14 వచ్చింది. అంటే 12.5 శాతం తేడా. మా పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌కి చూపిస్తే, 10 దాటితే ఇంజ్యూరీ అవుతుందని ఎక్కడో విన్నానయ్యా, సెలక్షన్స్‌కి వీడిని పంపొద్దు, ఎడమకాలికి డబుల్ వర్కవుట్ పెట్టు అన్నారు. ఆ అబ్బాయేమో అప్పట్నుంచి టెన్షన్‌తో రోజూ వచ్చి "అన్నా, నా కాలికి ఏమన్నా అయిందా?" అని అడుగుతున్నాడు. నొప్పేమీ లేదు, రైడ్‌లు బాగానే వేస్తున్నాడు.

ఈ తేడా నిజంగా ప్రమాదమా? దీనివల్ల జంప్ తగ్గుతుందా? ఎడమకాలికే ఎక్కువ చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి, సెలక్షన్స్ దగ్గర పడుతున్నాయి.

చిత్తూరు_టు_టెక్సాస్:

తమ్ముడూ, ముందు ఆ అబ్బాయిని పక్కన పెట్టొద్దు. మిగతాది నిదానంగా చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది.

నాది చిత్తూరు, మెసానికల్ గ్రౌండ్‌లో ఆడి పెరిగినవాణ్ణి. ఇప్పుడు ఇక్కడ ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ వెయిట్ రూమ్‌లో అసిస్టెంట్‌గా ఉన్నాను, జంప్ టెస్టులు పెట్టడమే నా పని.

ఫోన్‌లో మామూలు వీడియో సెకనుకి 30 ఫ్రేములే. అంటే ఒక ఫ్రేమ్‌కీ ఇంకో ఫ్రేమ్‌కీ మధ్య 33 మిల్లీ సెకన్లు. 16 సెంటీమీటర్లు ఎగిరినవాడు గాల్లో ఉండేది దాదాపు 0.36 సెకన్లు. ఆ టైమ్‌లో ఒక్క ఫ్రేమ్ అటో ఇటో పట్టుకున్నావంటే ఎత్తు ఏకంగా 3 సెంటీమీటర్లు మారిపోతుంది. నువ్వు చూసిన తేడా 2 సెంటీమీటర్లు! అంటే నువ్వు కాళ్ల తేడా కొలిచావో కెమెరా తేడా కొలిచావో ఎవరూ చెప్పలేరు. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెట్టి తీస్తే ఒక ఫ్రేమ్ పొరపాటుకి 0.4 సెంటీమీటర్ల లోపే పోతుంది. చాలా ఫోన్లలో ఆ ఆప్షన్ ఉంది. మై జంప్ అనే యాప్ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తుంది, స్పెయిన్ పరిశోధకుడు కార్లోస్ బల్సాలొబ్రే ఫెర్నాండెజ్ తయారుచేశాడు. యాప్ లేకపోయినా ఫార్ములా సింపులే: గాల్లో ఉన్న టైమ్ వర్గాన్ని 9.81తో గుణించి 8తో భాగించు, ఎత్తు మీటర్లలో వస్తుంది.

ఇంకోటి గమనించు. దిగేటప్పుడు మోకాలు ముడుచుకుని దిగితే గాల్లో ఉన్న టైమ్ ఎక్కువ చూపిస్తుంది, ఎగరని ఎత్తు లెక్కలోకి వచ్చేస్తుంది. పైకి లేచినప్పుడు కాలు ఎట్లా చాచి ఉందో దిగేటప్పుడూ అట్లానే చాచి, మునివేళ్లతో తాకి, తర్వాతే వంచమని చెప్పు. చేతులు నడుం మీదే ఉండాలి. చేతులు ఊపితే ఎత్తు తేలిగ్గా పదోవంతు పెరుగుతుంది, పైగా ఆ ఊపు ప్రతిసారీ ఒకేలా ఉండదు. కెమెరా నేలకి దగ్గరగా, షూ కొన స్పష్టంగా కనిపించేలా పెట్టు.

శాతం సంగతి కూడా చూడు. 16, 14 తేడాని పెద్దదానితో భాగిస్తే 12.5. రెండింటి సగటుతో భాగిస్తే 13.3. రెండూ కలిపిన మొత్తంతో భాగిస్తే 6.7. అదే జంప్, అదే అబ్బాయి. మీ సార్ విన్న ఆ 10 ఏ లెక్కలోదో తెలియకుండా అబ్బాయి భవిష్యత్తు తేల్చకూడదు కదా.

జిమ్_కోచ్_రేణిగుంట:

అన్నా, కొలత సంగతి ఒప్పుకుంటాను. కానీ 10 నుంచి 15 శాతం దాటితే జాగ్రత్త అని నేను చేసిన సర్టిఫికేషన్ కోర్సులో కూడా చెప్పారు. మరీ అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలా? కాలేజీ పిల్లలు, రేపు మోకాలు పోతే ఎవరు చూస్తారు వాళ్లని? మన దగ్గర లిగమెంట్ తెగితే ఆపరేషన్‌కి డబ్బుల్లేక ఆట మానేసినవాళ్లు నాకే తెలుసు.

చిత్తూరు_టు_టెక్సాస్:

మీ బాధ నాకు అర్థమైంది, అది నిజమైన బాధే. 10 శాతం మాట ఎక్కువగా వాడేది ఆపరేషన్ అయినవాళ్ల విషయంలో. లిగమెంట్ సర్జరీ అయిన కాలు, బాగున్న కాలితో పోలిస్తే కనీసం 90 శాతం చేయగలిగితేనే ఆటకి పంపాలి అనేది అక్కడ మామూలుగా వాడే గీత. దెబ్బ తగలని ఆరోగ్యమైన కుర్రాళ్లకి అదే గీత గీస్తే సగం టీమ్ పక్కన కూర్చోవాల్సిందే. ఒంటికాలి జంప్‌లో 10 దాటడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా మామూలే. తేడా ఎక్కువుంటే దెబ్బ తగులుతుందా, జంప్ తగ్గుతుందా అన్నదాని మీద పరిశోధనలు రెండు రకాలుగానూ వచ్చాయి. కొన్నింట్లో సంబంధం కనిపించింది, కొన్నింట్లో ఏమీ లేదు.

ఇక్కడ రోజూ చూసేది చెప్తాను. లైన్‌మన్ అని ముందు వరసలో ఉంటారు, 130, 140 కిలోల మనుషులు, ఒక చెయ్యి నేల మీద ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి కూర్చుంటారు. లెఫ్ట్ టాకిల్ ఆడేవాడు ఎప్పుడూ ఎడమకాలినే వెనక్కి జరుపుతూ క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరేవాణ్ణి) కాపాడాలి. రైట్ టాకిల్‌కి అదే అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ప్రాక్టీస్‌లో, మ్యాచ్‌లో, ఏళ్ల తరబడి అదే అడుగు. వీళ్లకి రెండు కాళ్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలని ఎందుకు అనుకోవాలి? కిక్కర్‌కి బంతి తన్నే కాలు ఎప్పుడూ ఒకటే, నేల మీద నిలబెట్టే కాలు రెండోది. తేడాని ఆటే తయారుచేస్తుంది.

ఎత్తు ఒక్కటే చూసి తేల్చడం కూడా తప్పే. 85 కిలోల రిసీవర్ (పరుగెత్తి బంతి పట్టుకునేవాడు) 95 సెంటీమీటర్లు ఎగిరితే దాదాపు 790 జూల్స్ పని. 140 కిలోల లైన్‌మన్ 70 ఎగిరితే 960. ఎత్తు చూస్తే వీడు వెనక, పని చూస్తే వీడే ముందు. ఎన్ఎఫ్ఎల్ (అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) సెలక్షన్‌కి ముందు పెట్టే కంబైన్ టెస్టుల్లో కూడా నిలువు జంప్, స్టాండింగ్ బ్రాడ్ జంప్ రెండూ పెడతారు కానీ ఒక్కో పొజిషన్ వాళ్లని ఆ పొజిషన్ వాళ్లతోనే పోలుస్తారు. 2015లో బైరన్ జోన్స్ నిలబడ్డ చోటి నుంచి 3.73 మీటర్లు దూకాడు, అతను కార్నర్‌బ్యాక్, అంటే రిసీవర్లని అడ్డుకునేవాడు. లైన్‌మన్‌ని ఆ అంకెతో ఎవరూ కొలవరు. మీ టీమ్‌లో కూడా రైడర్లనీ కార్నర్ డిఫెండర్లనీ ఒకే లిస్టులో పెట్టకండి.

అసలు విషయం ఇంకోటుంది. మా ఫోర్స్ ప్లేట్ మీద రెండు కాళ్లతో జంప్ చేయించినప్పుడు ఒక్కో కాలి కింద ఒక్కో ప్లేట్ ఉంటుంది, ఏ కాలు ఎంత భారం తీసుకుంటోందో విడివిడిగా గీత కనిపిస్తుంది. కిందికి కూర్చునేటప్పుడు, ఆగేటప్పుడు, నేలని తోసేటప్పుడు, దిగేటప్పుడు, ఈ నాలుగింట్లో కుడికాలు ఒకచోట ఎక్కువ తీసుకుంటుంది, ఎడమకాలు ఇంకోచోట. అదే మనిషి ఒంటికాలి మీద ఎగిరితే లెక్క మళ్లీ తిరగబడొచ్చు. ముందుకి గెంతిస్తే ఇంకోలా వస్తుంది. లండన్ మిడిల్‌సెక్స్ యూనివర్సిటీ క్రిస్ బిషప్ ఈ విషయం మీద చాలా రాశాడు: తేడా అనేది టెస్టుని బట్టి మారుతుంది, ఏ కాలు ముందుందన్నది కూడా మారుతుంది. ఒక టెస్టులో ఒకరోజు వచ్చిన ఒక అంకెతో ఎవరి కాలు బలహీనమో తేల్చలేం.

కాబట్టి ఎంపీఎడ్ తమ్ముడూ, మళ్లీ తియ్యి. 240 ఫ్రేములు, కుడి ఎడమ మార్చి మార్చి, మధ్యలో నిమిషం రెస్ట్, వేర్వేరు రోజుల్లో. ఒకే కాలి జంపుల మధ్య ఎంత ఊగిసలాట ఉందో ముందు చూడు. కుడికాలే ఒకసారి 15, ఒకసారి 17 వస్తుంటే, కుడి ఎడమల మధ్య 1 తేడాకి అర్థం లేదు. రోజు మారినా, టెస్టు మారినా తేడా అదే వైపు నిలబడితే అప్పుడు పట్టించుకోవాలి.

ఒక్క మాట, కొండకి వెళ్లొచ్చిన మర్నాడు టెస్ట్ పెట్టకు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడం కంటే దిగి రావడమే తొడల్ని పిండేస్తుంది. ఆ నొప్పులున్న రెండు మూడు రోజులు వచ్చే అంకె ఏదీ నమ్మడానికి లేదు. తిరుపతి టీముల్లో ఇది ఎవరూ అడగరు, నువ్వు అడుగు.

ఫిజియో_బైరాగిపట్టెడ:

పైన చెప్పినదంతా బాగుంది. నేను క్లినిక్ వైపు నుంచి రెండు మాటలు చెప్తాను.

పిల్లల్ని జంప్ చేయించే ముందు నోరు తెరిచి అడగండి: ఎప్పుడైనా చీలమండ బెణికిందా? మోకాలు వాచిందా? మన కుర్రాళ్లు బెణుకుని దెబ్బగానే లెక్కపెట్టరు. పసుపు కట్టు కట్టి రెండు రోజుల్లో గ్రౌండ్‌కి వచ్చేస్తారు. నొప్పి పోతుంది కానీ చీలమండ ముందుకి వంగడం తగ్గిపోయి అట్లానే ఉండిపోతుంది. చూడడానికి గోడ చాలు: చెప్పుల్లేకుండా గోడకి ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించమనండి. పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ, మోకాలు ఇంకా తాకుతున్నంతవరకు బొటనవేలికీ గోడకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి, రెండు కాళ్లకీ. తర్వాత ఒంటికాలి మీద మునివేళ్లపై లేచి దిగమనండి, ఏ పిక్క ముందు అలిసిపోతుందో తెలిసిపోతుంది.

రెండోది మోకాలి లిగమెంట్ సర్జరీ అయినవాళ్ల గురించి, ఇది చాలామందికి తెలియదు. గెంతే దూరం రెండు కాళ్లకీ సమానంగా వచ్చినా మోకాలు బాగుపడిందని అర్థం కాదు. తుంటి, చీలమండ కలిసి మోకాలి పనిని మోసేస్తాయి, దూరం మాత్రం సమానంగా కనిపిస్తుంది. ఇంకో మోసం ఏంటంటే నెలల తరబడి ఆట లేక బాగున్న కాలు కూడా నీరసిస్తుంది. అప్పుడు రెండూ తక్కువే కాబట్టి శాతం బ్రహ్మాండంగా 95 వస్తుంది. అందుకే దెబ్బ తగలకముందు తీసిన అంకెలు బంగారం. మీరు ఇప్పుడు తీస్తున్నవి పారేయకండి, నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి పెట్టండి. రేపు ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ కాగితమే నాలాంటివాళ్లకి ఎక్కువ పనికొస్తుంది. సర్జరీ అయినవాళ్లని 9 నెలల లోపు మాత్రం గ్రౌండ్‌లోకి దించకండి, ఎంత బతిమాలినా సరే.

ఎంపీఎడ్_తిరుపతి:

అందరికీ చాలా థాంక్స్. చెప్పినట్టే స్లో మోషన్‌లో, చేతులు నడుం మీద పెట్టించి, వేర్వేరు రోజుల్లో తీశాను. మా రైడర్‌కి మొదటి రోజు సగటు కుడి 15.6, ఎడమ 14.9. రెండో రోజు కుడి 15.2, ఎడమ 15.4. ముందుకి గెంతిస్తే ఎడమకాలే ఎక్కువ దూరం పోయింది. అబ్బాయికి అంకెలు చూపిస్తే ముఖం వెలిగిపోయింది.

కానీ ఇంకోటి బయటపడింది. మా రైట్ కార్నర్ ఆడే అబ్బాయికి కుడి 17, ఎడమ 13.5. రెండు రోజులూ అంతే, ముందుకి గెంతిస్తే కూడా ఎడమ వెనకబడింది. ఎవరూ వీడి గురించి అనుకోలేదు, మాట్లాడడు, కంప్లైంట్ చేయడు. ఫిజియో గారు చెప్పినట్టు అడిగితే, పోయిన సంవత్సరం ఊళ్లో మట్టి కోర్టులో ఆడుతూ ఎడమ చీలమండ మడతపడిందని అప్పుడు చెప్పాడు. గోడ టెస్టులో కుడికాలికి 11 సెంటీమీటర్లు, ఎడమకి 7. వీడియో నిదానంగా పెట్టి చూస్తే ఎడమ మీద కిందికి కూర్చునేటప్పుడు మడమ నేల మీద నుంచి కొంచెం లేస్తోంది, మోకాలు లోపలికి వాలుతోంది. మామూలు స్పీడ్‌లో ఇది అస్సలు కనిపించలేదు.

వీడికి ఏం చేయాలి? రైడర్‌కి ఎడమ వర్కవుట్ ఆపేయొచ్చా?

పాత_రైడర్_పలమనేరు:

నేను చదువుకున్న కోచ్‌ని కాదు, పలమనేరు పక్కన పిల్లలకి కబడ్డీ నేర్పిస్తాను, అంతే. మీ రైడర్ ఏ కాలితో టో టచ్ (కాలి వేళ్లతో డిఫెండర్‌ని తాకడం) వేస్తాడో చూశారా? కుడికాలు చాచేవాడైతే ఎడమకాలి మీద లోతుగా కూర్చుంటాడు. బోనస్‌కి కూడా అంతే, ఒక కాలు గీత దాటితే రెండో కాలు గాల్లో ఉండాలి, మొత్తం భారం ఒక్కదాని మీదే. అట్లా రోజూ మోసే కాలు బలహీనమైనదని ఎట్లా అంటారు? మోకాలు లోతుగా వంచి భారం ఆపే బలం వేరు, టక్కున నేలని తన్ని లేచే బలం వేరు. ఆ అబ్బాయి ఎడమకాలికి డబుల్ వర్కవుట్ పెడితే అసలే అలిసిన కాలిని ఇంకా అలవగొట్టినట్టు. నేనైతే రెండో వైపు నుంచి కూడా రైడ్ వేయించి, రెండో కాలితో కూడా టచ్ నేర్పిస్తాను. డిఫెండర్లకి అప్పుడు అంచనా దొరకదు, కాళ్లకీ పని సమానంగా పంచినట్టు అవుతుంది.

చిత్తూరు_టు_టెక్సాస్:

పలమనేరు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇక్కడ పెద్ద పెద్ద కోచ్‌లు గ్రాఫులు చూసి చెప్పేది అన్న గ్రౌండ్‌లో చూసి చెప్పాడు.

రైడర్‌కి ఆ డబుల్ వర్కవుట్ ఈరోజే ఆపేయ్. జంప్ పెరగాలంటే రెండు కాళ్లకీ మొత్తంగా బలం పెరగాలి: స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, స్ప్రింట్లు, తాజాగా ఉన్నప్పుడు తక్కువ జంపులు, ప్రతి జంప్ ఒళ్లంతా పెట్టి. కాలేజీ పిల్లల్లో తేడా సరిచేయడం కంటే ఈ ప్రాథమిక బలం పెంచడంవల్లే ఎత్తు ఎక్కువ పెరుగుతుంది. బరువులు ఎత్తే అలవాటే లేనివాళ్లకి శాతాలతో పనేముంది?

కార్నర్ అబ్బాయి సంగతి వేరే. ముందు ఫిజియో గారికి చూపించండి, ఈలోగా ఎడమ మీద గెంతుళ్లు వద్దు.

ఫిజియో_బైరాగిపట్టెడ:

తీసుకురండి, సాయంత్రం ఏడు తర్వాత ఉంటాను, ఫీజు గురించి ఆలోచించొద్దు. కీలు వదులుగా ఉందేమో చేత్తో చూడాలి. అనుమానంగా ఉంటే టీటీడీ వాళ్ల బర్డ్ ఆస్పత్రిలో ఎముకల డాక్టర్లకి చూపిద్దాం. అప్పటిదాకా గోడకి మోకాలు తాకించే సాగతీత రోజూ, నొప్పి రానంతవరకే. రెండు కాళ్లతో మునివేళ్లపై లేచి, దిగేటప్పుడు ఎడమకాలి మీదే నిదానంగా దిగమనండి. మెట్టు అంచు మీద మడమ వేలాడేలా నిలబడి చేస్తే ఇంకా మంచిది. అది బాగా వచ్చాక ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి స్ప్లిట్ స్క్వాట్, ఎడమతో మొదలుపెట్టి ఎన్ని వస్తే కుడితో కూడా అన్నే. ఎడమకి ఒక్క సెట్ ఎక్కువ చాలు. జంపులు చివర్న.

మ్యాచ్ ఆడొచ్చా అని అడుగుతారని తెలుసు. ఆంకిల్ హోల్డ్ (రైడర్ చీలమండ పట్టి ఆపడం) పట్టేవాడికి ఆ కాలు మీదే రైడర్ బరువంతా పడుతుంది, చూడకుండా నేను చెప్పను.

ఎంపీఎడ్_తిరుపతి:

రేపే తీసుకొస్తాను మేడమ్. పీడీ సార్‌కి రెండు రోజుల అంకెలు, వీడియోలు చూపించాను. రైడర్ పేరు సెలక్షన్స్ లిస్టులో మళ్లీ రాశారు. మొత్తం టీమ్‌కి నోట్‌బుక్ మొదలుపెట్టమన్నారు, తేదీ, ఏ కాలు, ఏ షూ, ముందు రోజు కొండకి వెళ్లారా లేదా, పాత దెబ్బలు, అన్నీ. అమ్మాయిల టీమ్‌కి కూడా పెట్టమని వాళ్ల కోచ్ అడుగుతున్నారు. టెక్సాస్ అన్నా, మ్యాట్ మీద తీసిన అంకెలూ మట్టి మీద తీసినవీ కలిపి చూడొచ్చా?

చిత్తూరు_టు_టెక్సాస్:

వద్దు. ఎప్పుడూ ఒకే చోట, గట్టి నేల మీద, అవే షూలతో తియ్యి.